ఇరవయ్యో గడి

జూన్ 3

తమ్ముడూ,

నీకూ మరదలికీ నా ఆశీస్సులు. ఫోన్ చేస్తే నా గొంతు పోవడం, నువ్వు ‘ఆఁ? ఆఁ?’ అనడం తప్ప పని జరగదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. చెవి మిషన్ కొనుక్కుని డ్రాయర్లో దాచుకున్న మనిషిని నిన్నొక్కణ్ణే చూశాను.

ఇక్కడ మా వీధి వ్యాను ఆగిపోయింది. పక్షవాతం వచ్చినవాళ్లని నర్సమ్మ ఊరి రెండో చివర ఉన్న వ్యాయామ కేంద్రానికి వారానికి మూడుసార్లు తీసుకెళ్లేదే, ఆ వ్యాను. మీ బావ రెండేళ్లు అందులోనే వెళ్లారు. పోయే ముందు నెలలో చొక్కా గుండీలు తనే పెట్టుకున్నారంటే అది దాని చలవే. మే నెల మధ్యలో ఇంజన్ చేతులెత్తేసింది. ఇప్పుడు ఏడుగురు ఇళ్లలో గోడలు చూస్తూ కూర్చున్నారు. అందులో మా ఎదురింటి గడియారాల మాస్టారు ఒకరు. ఏటా వచ్చి అమ్మ గోడ గడియారానికి నూనె వేసి వెళ్లేవారు, నీకు గుర్తుండే ఉంటుంది. పోయిన ఏడాది ఆయన కుడి చెయ్యి పడిపోయింది. మన గడియారం కూడా అప్పటినుంచే ఆగింది. ఇంకెవర్నీ నేను ముట్టుకోనివ్వలేదు.

వ్యాయామం మొదలుపెట్టాక ఆయన వేళ్లు రెండు కదిలాయి. ఇప్పుడు మూడు నెలలు ఆపేస్తే ఆ చెయ్యి అలాగే బిగుసుకుపోతుందని నర్సమ్మ అంటోంది. అంటే మనకున్నది ఆగస్టు మధ్య వరకే. ఇంజన్ మార్చడానికి వీధంతా కలిసి ఇళ్లలోని పాత సామాన్లు అమ్ముదామనుకున్నాం. వీధి మధ్యలో బల్లలు వేసి, జూలై 27 ఆదివారం. సామాన్లు పెట్టుకోవడానికి వ్యాను షెడ్డు ఉంది. అందరూ నా వైపే చూసి, ‘టీచరమ్మగారూ, మీరే ముందుండాలి’ అన్నారు. కాలేజీ ల్యాబులో సీసాలకు చీటీలు అంటించుకున్నదాన్ని నేను టీచర్నెప్పుడయ్యానో నాకే తెలియదు.

అయితే దీనికి నగర కార్యాలయం అనుమతి కావాలట. నాలుగు పేజీల దరఖాస్తు, ఇరవై రెండు గడులు. చూస్తేనే నాకు చెమటలు పట్టాయి. నువ్వు ముప్పై ఒక్క ఏళ్లు మీ ఊరి కార్యాలయంలో పర్మిషన్ల సెక్షన్లోనే కూర్చున్నావు. ఎలా నింపాలో వెంటనే రాయి. నెల ముందే ఇవ్వాలట.

అక్క


జూన్ 8

పూజ్యురాలైన అక్కకు నమస్కారం.

ఉభయకుశలోపరి. నీ ఉత్తరం అందింది.

దరఖాస్తు చూసి భయపడేవాళ్లే ఎక్కువ తప్పులు చేస్తారు. నిదానంగా నింపు. నల్ల సిరా వాడు. వీధి పటం స్కేలు పెట్టి గీయి, బల్లలు ఎక్కడ, అగ్నిమాపక బండి వెళ్లే దారి ఎక్కడ అన్నది కనపడాలి. ప్రతి ఇంటి నుంచి అభ్యంతరం లేదని సంతకం తీసుకో. ఒక్క ఇల్లు తప్పినా అక్కడే ఆపేస్తారు. నేనైతే ఆపేవాణ్ణి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెప్తున్నాను, కింద గీత గీసుకుని చదువు. ఒక్క గడి కూడా ఖాళీగా వదలకు. ఉంటే ఉన్నది రాయి. లేకపోతే ‘లేవు’ అని రాయి. ఖాళీ గడి కనపడితే గుమాస్తా కలం ఆగుతుంది. ఆగిన కలం మళ్లీ కదలాలంటే నెల పడుతుంది. సర్వీసులో ఖాళీ గడి ఉన్న కాగితం ఒక్కటి కూడా నా బల్ల దాటలేదు.

ఇచ్చే ముందు నకలు తీసి నాకు పంపు.

నీ మరదలు నిన్ను అడిగానని చెప్పమంది.

తమ్ముడు


జూన్ 15

తమ్ముడూ,

నిన్న ఇచ్చేశాను. నకలు ఇందులోనే పెట్టాను. ముందు నీకు పంపి, నువ్వు ఎర్ర సిరాతో దిద్ది, మళ్లీ నాకొచ్చేసరికి గడువు దాటిపోతుందని భయమేసింది. కోప్పడకు.

నలభై ఆరు ఇళ్లు తిరిగాను. కాళ్లకు చక్రాలు కట్టుకున్నట్టయింది. మూలింటి కారు ఆయన ఒక్కడే, ఆదివారం కారు తీయడానికి వీలుండదని మూడుసార్లు తిప్పించుకున్నాడు. నాలుగోసారి వాళ్లావిడ కాగితం లాక్కుని సంతకం పెట్టేసింది. గడియారాల మాస్టారు ఎడం చేత్తో పెట్టారు. కార్యాలయంలో అది కోడిగీతలా ఉంది, సంతకం కాదన్నారు. ఆయన కుడి చెయ్యి కోసమే కదా ఇదంతా చేస్తున్నామని చెబితే, ఆ మాట గడిలో రాయలేదు కదా అన్నారు. చివరికి నర్సమ్మ సాక్షి సంతకం పెడితే ఒప్పుకున్నారు.

పందొమ్మిదో గడి పెద్ద తలనొప్పి. ‘అమ్మకానికి పెట్టు వస్తువుల పూర్తి జాబితా’. వరసలు నూట నలభై. నువ్వు చెప్పినట్టే ఒక్క వరస కూడా ఖాళీ వదల్లేదు. ఇరవయ్యో గడిలో ‘పై జాబితాలో లేని ఇతర వస్తువులు’ అని ఉంటే, నువ్వు చెప్పినట్టే ‘లేవు’ అని రాశాను. చూసి మెచ్చుకుంటావని తెలుసు.

కిటికీ దగ్గరి మనిషి నాలుగు పేజీలూ తిప్పి చూసి, ఇంత శుభ్రంగా నింపిన దరఖాస్తు ఈ ఏడాది చూడలేదన్నాడు. నీ పేరు నిలబెట్టాను.

అక్క


జూన్ 20

పూజ్యురాలైన అక్కకు నమస్కారం.

ఉభయకుశలోపరి అని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. నీ జాబితా చదివాను. రెండుసార్లు చదివాను. మరదలి చేత కూడా చదివించాను.

మూడో నంబరు: నువ్వు పడుకునే మంచం. పదకొండు: నువ్వు రోజూ వండుకునే కుక్కర్, ‘పిడి వదులు’ అని కూడా రాశావు. నలభై: బావ పడక కుర్చీ. నలభై ఒకటి: బావ చేతికర్ర. అరవై ఆరు: మీ ఇద్దరి పెళ్లి ఫోటో ఉన్న చట్రం. ఏడో నంబరు: అమ్మ గోడ గడియారం, ‘ఆగిపోయింది’.

ఇల్లంతా అమ్మేసి నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు? ఏ మనిషైనా తన మంచం అమ్ముకుంటే దానికి ఒక కారణం ఉంటుంది. ఆ కారణం నాకు చెప్పకుండా దరఖాస్తులో గడుల గురించి అడిగావు. అమ్మ గడియారం అమ్మే ముందు నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా? నాకు ఇప్పుడు ఏ చప్పుడూ సరిగ్గా వినపడదు. దాని గంట ఒక్కటే చెవిలో మిగిలింది.

నూట పద్దెనిమిది దగ్గర మాత్రం జాబితా మడిచి పక్కన పెట్టేశాను. ‘రేకు పెట్టె, తాళం లేదు, తమ్ముడి ఉత్తరాలతో సహా’. అవి కూడా బరువైపోయాయా?

తమ్ముడు


జూన్ 21

తమ్ముడూ,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోపు రెండు ముక్కలు.

కార్యాలయం వాళ్లు ఇంకో రెండు కాగితాలు కావాలని పిలిచారు. మూడంతస్తులు ఎక్కేసరికి గుండె దడదడలాడి మెట్ల మీదే కూలబడ్డాను. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లొచ్చాను, ఆ సంగతి తర్వాత రాస్తాను. ఇప్పుడు ఓపిక లేదు. ఫైలు ఎవరి బల్ల మీద ఉందో ఎవరూ చెప్పడం లేదు. నిద్రలో కూడా గడులే కనపడుతున్నాయి.

గడియారాల మాస్టారు గుమ్మంలో కూర్చుని నేను వచ్చేదాకా చూస్తారు. అడగరు. చేతిని ఒళ్లో పెట్టుకుని, రెండో చేత్తో వేళ్లు ఒక్కొక్కటే తెరుస్తూ ఉంటారు. ఆయన అడిగినా బాగుండును.

అక్క


జూన్ 26

తమ్ముడూ,

నీ 20వ తేదీ ఉత్తరం అందింది. అమ్మ గడియారం నీకు పదకొండేళ్ల తర్వాత గుర్తొచ్చిందన్నమాట. అమ్మ పోయిన రోజే నిన్ను తీసుకెళ్లమన్నాను. మా ఇంట్లో గోడలు చిన్నవి అన్నావు. అప్పుడు చిన్నవైన గోడలు ఇప్పుడు పెద్దవయ్యాయా?

నేనెక్కడికీ వెళ్లడం లేదు. అనుమతి వస్తేగానీ సామాన్లు ఇవ్వమని వీధివాళ్లు అన్నారు. సామాన్ల జాబితా ఇస్తేగానీ అనుమతి ఇవ్వమని కార్యాలయం అంది. గడి ఖాళీగా వదలొద్దని నువ్వన్నావు. నేనేం చేయను? పెన్సిలు పట్టుకుని ఇంట్లో ఒక మూల నుంచి మొదలుపెట్టి కనపడినవన్నీ రాసుకుంటూ పోయాను. ల్యాబులో స్టాకు రాసే అలవాటు, ఏది చెక్కుపోయిందో ఏది వదులో కూడా రాశాను. నీ ఉత్తరాల పెట్టె మంచం కింద ఉంది, కాబట్టి మంచం తర్వాత ఎప్పుడో గుర్తొచ్చి రాశాను. అంతే. గడి నింపడానికి రాసింది నిజంగా అమ్ముతానా? ఆ మాత్రం నీకు తెలియదా?

నా మీద నీకున్న నమ్మకం ఇంతేనని తెలిసింది. సంతోషం.

అక్క


జూన్ 26

అక్కా,

నీ 21వ తేదీ కార్డు ఇప్పుడే వచ్చింది. డాక్టరు ఏమన్నాడు? తర్వాత రాస్తానంటావేమిటి? మంచం అమ్మడం, మెట్ల మీద కూలబడడం, డాక్టరు. నాకు లెక్క అర్థమైపోయింది. మరదలు వెంటనే బయల్దేరమంటోంది. పోయినసారి స్టేషన్లో ప్లాట్‌ఫారం మార్చిన సంగతి వినపడక నేను తప్పు బండెక్కి, తెలియని ఊళ్లో రోజంతా బల్ల మీద కూర్చున్నాను. అది నీకు ఎప్పుడూ రాయలేదు. అప్పటినుంచి మళ్లీ రైలెక్కలేదు.

ఏదైనా సరే దాచకుండా రాయి.

తమ్ముడు


జూలై 2

తమ్ముడూ,

డాక్టరు దగ్గరికి వెళ్లింది నా కోసం కాదు. పద్నాలుగో గడిలో ‘ప్రథమ చికిత్సకు బాధ్యుడైన వైద్యుడు’ అని ఉంది. కార్యాలయం అడిగిన కాగితాల్లో ఆయన సంతకం ఒకటి, దానికోసం వెళ్లాను. పనిలో పని నా రక్తపోటు కూడా చూసి, మెట్లు తగ్గించమన్నాడు. మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయి, మనమేమో ఇక్కడ దెబ్బలు తింటున్నాం. నా 26వ తేదీ ఉత్తరంలో మాటలు కాస్త ఎక్కువయ్యాయి. మనసులో పెట్టుకోకు. తప్పు బండి సంగతి ముందే రాసుంటే నేనే వచ్చి చూసేదాన్ని కదా.

అనుమతి వచ్చేలా ఉందని కిటికీ మనిషి చెప్పాడని తెలిసి వీధివాళ్లు సామాన్లు తేవడం మొదలుపెట్టారు. షెడ్డు నిండిపోయింది. మూలింటి కారు ఆయన పెద్ద మంచం, దాని మీద కొత్త పరుపు. నర్సమ్మ తెల్ల బీరువా. ఎవరివో ఆరు కుర్చీలు, రెండు సైకిళ్లు, కుట్టు మిషన్, ఊయల, చిలకల బొమ్మలున్న దీపం. నేను చీటీలు అంటిస్తుంటే చేతికి మళ్లీ ప్రాణం వచ్చినట్టుంది.

ఇన్‌స్పెక్టరు కార్యాలయం నుంచి టేపు పట్టుకుని వచ్చి వీధి కొలిచాడు. మాట్లాడకుండా వెళ్లిపోయేవాళ్లంటే నాకు భయం.

అక్క


జూలై 14

తమ్ముడూ,

కొంప మునిగింది. అనుమతి వచ్చింది.

పొద్దున కవరు విప్పి వీధిలోనే గట్టిగా చదివాను. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో పేజీలో షరతులున్నాయి. నాలుగోది నీకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: ‘గడి 19లోని జాబితాలో పేర్కొన్న వస్తువులను మాత్రమే అమ్మకానికి పెట్టవలెను. గడి 20లో ఇతర వస్తువులు లేవని దరఖాస్తుదారు ప్రకటించినందున, జాబితాలో లేని ఏ వస్తువు కనపడినను అనుమతి తక్షణం రద్దగును.’

వెంటనే కార్యాలయానికి వెళ్లాను, మూడంతస్తులూ ఎక్కాను. కిటికీ మనిషికి నా మీద జాలేసింది. ఇరవయ్యో గడి ఖాళీగా వదిలేసి ఉంటే ‘తర్వాత తెలుపబడును’ అని తామే రాసుకునేవాళ్లమన్నాడు. అందరూ దాన్ని వదిలేస్తారట. ‘లేవు’ అని రాసింది నేనొక్కదాన్నేనట. సవరణకు ఇరవై ఒక్క రోజులు పడుతుంది. తేదీ మార్చాలంటే మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి, అంటే సెప్టెంబరు. అప్పటికి ఆ చెయ్యి దేనికీ పనికిరాదు.

షెడ్డు నిండా ఊరి సామాన్లు. అమ్మడానికి అనుమతి ఉన్నది నా ఇల్లు ఒక్కటి. నేనింకా ఎవరికీ చెప్పలేదు. నీకేమైనా దారి తెలిస్తే త్వరగా రాయి.

అక్క


జూలై 18

అక్కా,

దారి లేదు. నిన్న రాత్రంతా పాత నియమావళి పుస్తకాలు తిరగేశాను. లేదు.

నీ చేత ఆ మాట రాయించింది నేను. నేను చెప్పకపోతే నువ్వు అందరిలాగే ఆ గడి వదిలేసి ఉండేదానివి. ఇంకో సంగతి ఉంది, అది కూడా చెప్పేస్తాను. నా సర్వీసు పంతొమ్మిదో ఏట ఒక బడివాళ్లు ఇలాంటి అమ్మకమే పెట్టారు, నడవలేని పిల్లలకు మెట్ల పక్కన వాలుదారి కట్టడానికి. జాబితాలో లేని మూడు కుర్చీలు కనపడ్డాయి. నేను అక్కడికక్కడే రద్దు చేశాను. ఆ బడి పెద్దాయన చేతులు జోడించాడు. నేను గడి చూపించాను. ఆ రోజు ఇంటికొచ్చి, సరిగ్గా పనిచేశానని మరదలికి గొప్పగా చెప్పుకున్నాను. ఆ తర్వాత ఆ దారి కట్టారో లేదో ఎప్పుడూ అడగలేదు.

మీ ఇన్‌స్పెక్టరు కూడా నాలాంటివాడే అయితే నీ జాబితా చేత్తో పట్టుకుని వస్తాడు. మోసం చేయాలని చూడకు. పోలిక ఉన్న వస్తువు పెడదామనుకోకు, నువ్వు చెక్కులూ వదుళ్లూ కూడా రాశావు. అమ్మకం మానేసినా నిన్ను తప్పుపట్టేవాళ్లుండరు.

గడియారాల మాస్టారి ముఖం ఎలా చూస్తావో నాకు తెలియదు. నేనైతే చూడలేను.

తమ్ముడు


జూలై 26, సాయంత్రం

తమ్ముడూ,

నేల మీద కూర్చుని రాస్తున్నాను. బల్ల యాభై రెండో నంబరు, బయట ఉంది.

నీ ఉత్తరం రాకముందే నిర్ణయించుకున్నాను. వీధివాళ్లను షెడ్డు దగ్గర పిలిచి జరిగింది చెప్పాను. మూలింటి ఆయన, ‘గడి నింపడానికి రాసిందని చెబితే సరిపోదా?’ అన్నాడు. సరిపోదు. నేను సంతకం పెట్టాను. నా మాట అబద్ధమని నేనే చెబితే వాళ్లు అనుమతే అబద్ధమంటారు.

‘జాబితాలో ఉన్నవి పెడతాం,’ అన్నాను. ‘నూట నలభై ఉన్నాయి.’

నర్సమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు ఏడుపు రాలేదు, భయమేసింది. ఇప్పుడు కూడా భయంగానే ఉంది. ఇల్లు ఖాళీ అయ్యాక నా దగ్గు నాకే రెండుసార్లు వినపడుతోంది. మీ బావ కుర్చీ పట్టుకుని బయటికి తీసుకెళ్తుంటే ఆయన్ని రెండోసారి పంపుతున్నట్టనిపించింది. కానీ తమ్ముడూ, ఆయన గుండీలు పెట్టుకున్న రోజు నేను చూశాను. ఆ ముఖం చూశాను. ఎదురింట్లో ఒక మనిషి దానికోసమే కూర్చుని ఉంటే, నేను కుర్చీ పట్టుకుని కూర్చోలేను.

ఒక్కదానికే నీ అనుమతి అడగాలి, ఆలస్యమైపోయింది. నూట పద్దెనిమిది. ఉత్తరాలు తీసేసి పెట్టె ఒక్కటే పెడదామనుకున్నాను. ‘సహా’ అని రాశాను కదా. అంతకంటే ఎక్కువ రాయలేను. క్షమించు. అమ్మ గడియారం సంగతి కూడా అంతే.

అక్క


జూలై 28

తమ్ముడూ,

అయిపోయింది.

ఇన్‌స్పెక్టరు పొద్దున ఎనిమిదింటికే జాబితా పట్టుకుని వచ్చాడు. ఒక్కొక్క బల్ల దగ్గర ఆగి, చీటీ చదివి, టిక్కు పెట్టాడు. కుక్కర్ పిడి కదిపి చూశాడు. వదులే. నలభయ్యో నంబరు దగ్గర ఆగి, ఇది ఎవరిదని అడిగాడు. మా ఆయనదన్నాను. ‘ఇవన్నీ మీ ఒక్క ఇంటివేనా?’ అన్నాడు. అవునన్నాను. కాసేపు కాగితం వైపే చూసి, మిగతా టిక్కులు గబగబా పెట్టేసి, పోతూ పోతూ కుక్కర్ కొనుక్కెళ్లాడు.

బయటివాళ్లు చాలామందే వచ్చారు. వీధివాళ్లు వాళ్లతో పోటీపడి, పాతసామాన్లకు ఎవరూ ఇవ్వనంత ఇచ్చారు. మూడింటికల్లా బల్లలు ఖాళీ. మెకానిక్కుకి సరిపోతుందని వ్యాను డ్రైవరు అంటున్నాడు.

సాయంత్రం లోపలికి వెళ్లి గోడకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి బయట చప్పుడైంది. మూలింటి కారు ఆయన, డ్రైవరు కలిసి షెడ్డులోని పెద్ద మంచాన్ని మా గుమ్మంలోంచి దూర్చడానికి అవస్థ పడుతున్నారు. అమ్మడానికే అనుమతి కావాలి, ఇవ్వడానికి అక్కర్లేదని ఎవరికి తట్టిందో తెలియదు. ఒకరి తర్వాత ఒకరు షెడ్డు మొత్తం మా ఇంట్లోకి మోశారు. నర్సమ్మ బీరువా, ఆరు కుర్చీలు, దీపం. ఊయల కూడా పెట్టేసి వెళ్లారు, దాంతో నేనేం చేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నా ఇంట్లో నాకే దారి తెలియడం లేదు, చీకట్లో ఎవరి కుర్చీకో తగిలి పడుతున్నాను.

నీ పెట్టెను నర్సమ్మ కొంది. ఎందుకో అడిగితే చెప్పలేదు. నీ ఉత్తరాలు ఆమెకెందుకు? నాకు మనసులో కలుక్కుమంది. మళ్లీ అడిగే ముఖం లేక ఊరుకున్నాను. గడియారాన్ని నేను టీ తాగడానికి వెళ్లినప్పుడు ఎవరో తీసుకుపోయారు.

అక్క


ఆగస్టు 9

అక్కా,

నర్సమ్మను అనుమానించకు. నీ 14వ తేదీ ఉత్తరం చూడగానే ఆమెకు రాశాను, నూట పద్దెనిమిదో నంబరు నా తరఫున కొని పంపమని. నీకు చెబితే పక్కన పెట్టేస్తావు, ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడని చెప్పలేదు. గడియారం కూడా కొనమన్నాను. ఆమె వెళ్లేలోపే అది పోయిందట.

పెట్టె మొన్న వచ్చింది. ముప్పై నాలుగేళ్ల ఉత్తరాలు. నేను రాసినవి నేనెప్పుడూ చదవలేదు, రాసినవాడు చదవడు కదా. మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాను. ప్రతిదీ ఒక్కలాగే మొదలైంది. ఉభయకుశలోపరి. ఆ తర్వాత పన్ను ఎలా కట్టాలి, నల్లా కనెక్షన్ ఎవర్ని అడగాలి, ఏ కాగితం ఎక్కడ దాచాలి. నీకు ఆపరేషన్ అయిన నెల కూడా ఉభయకుశలోపరి. బావ పోయిన పదకొండో రోజు రాసిన ఉత్తరం చేతిలోకి తీసుకుని చాలాసేపు విప్పలేదు. అది కూడా అంతే. ఉభయకుశలోపరి, పెన్షన్ కాగితాలు మూడు నకళ్లు తీయించు.

ఇద్దరం క్షేమమే కాబట్టి ఇక మిగతా సంగతి చూద్దాం, ఆ మాటకి అర్థం అదే కదా. నువ్వు క్షేమమో కాదో నేను అడగకుండానే ఆ గడి నింపేశాను. ముప్పై నాలుగేళ్లు. ఒక్క ఉత్తరంలో కూడా ‘ఎలా ఉన్నావక్కా?’ అని లేదు. మరదలి చేత కూడా వెతికించాను.

ఎలా ఉన్నావక్కా?

ఈ కాగితంలో కింద సగం ఖాళీగా వదులుతున్నాను. నువ్వు నింపి పంపు. తొందరేం లేదు.

తమ్ముడు


అక్టోబర్ 5, నువ్వు వదిలిన సగంలో

తమ్ముడూ,

మధ్యలో నీకు రెండు ఉత్తరాలు వేరే కాగితాల మీద రాశాను, వ్యాను ఆగస్టు 12న బయల్దేరిందనీ, ఏడుగురూ ఎక్కారనీ. ఈ సగం మాత్రం దాచుకున్నాను. నువ్వు అడిగింది చిన్న మాట కాదు, ఊరికే ‘బాగున్నాను’ అని రాసి నింపేయడం ఇష్టంలేక.

బాగాలేను, చాలాకాలంగా. మీ బావ పోయాక ఈ ఇల్లు ఒక మ్యూజియంలా పెట్టుకుని కాపలా కాశాను. ఇప్పుడు ఎవరెవరివో కుర్చీల మధ్య కాస్త మనిషిలా ఉన్నాను. ఊయలలో ఉల్లిపాయలు పోసుకున్నాను. మీ బావ కుర్చీ ఎవరింట్లో ఉందో తెలిసింది, అటు వైపు వెళ్లినప్పుడు కిటికీలోంచి కనపడుతుంది. అది చూసిన రోజు అన్నం సయించదు. అది కూడా రాయాలి కదా.

ఈ రోజు మధ్యాహ్నం గడియారాల మాస్టారు ఇంటికి వచ్చారు. డ్రైవరు వెనక ఒక మూట మోసుకొచ్చాడు. విప్పితే అమ్మ గడియారం. కొన్నది ఆయనేనట, అమ్మకం రోజు వాళ్ల అబ్బాయి చేత. నేను తీసుకోలేనంటే, ఆయన తడబడే మాటతో, ‘ఇది నాది. మీ గోడకు తగిలిస్తున్నాను, అంతే,’ అన్నారు.

కీ కూడా తనే ఇస్తానన్నారు. కుడి చేత్తో. వేళ్లు మూడు పట్టుకుంటున్నాయి, బొటనవేలు ఇంకా మాట వినడం లేదు. ఒక్కో తిప్పు తిప్పి ఆగి, చెయ్యి దులుపుకుని, మళ్లీ తిప్పారు. పావుగంట పట్టింది. డ్రైవరు సాయం చేయబోతే కళ్లతోనే ఆపేశారు. లోలకం కదిలాక ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నారు, గడియారం వైపు కాదు.

అమ్మ ఉన్నప్పటిలాగే ఉంది చప్పుడు. గడియారం పెట్టె మీద అరచెయ్యి ఆనిస్తే గంట కొట్టినప్పుడు చెక్క లోపల అదురుతుంది, చెవులతో పనిలేదు, నేను చూశాను. వచ్చే నెల నీ ఊరికి నేనే వస్తాను, నిన్ను సరైన బండి ఎక్కించి తీసుకొస్తాను.

ఉండు, కొడుతోంది.

ఏడు కొట్టింది. నీకోసం లెక్కపెట్టాను.

అక్క